స్ఫటికాలను పగులగొట్టిన గురువు
రెనే జూస్త్ హావీ (1743–1822)



మన ఇంట్లో కల్లుప్పు డబ్బా ఉంటుంది. ఈసారి కూరలో వేసే ముందు ఒక చిటికెడు ఉప్పు అరచేతిలో పోసుకుని, పిల్లల భూతద్దంతో చూడండి. విరగకుండా మిగిలిన పలుకులు చాలావరకు చిన్న చిన్న పెట్టెల్లా, చదునైన పక్కలతో, నిటారు మూలలతో కనిపిస్తాయి. ఉప్పుమడిలో ఎవరూ వాటిని ఉలితో చెక్కలేదు. సముద్రపు నీరు ఎండి ఉప్పు పేరుకునేటప్పుడు ఆ పలుకులు తమంతట తామే ఆ ఆకారం తీసుకున్నాయి. పటికబెల్లం చూసినా ఇంతే. దాని ఆకారం వేరు, కానీ దానికీ ఒక క్రమం ఉంది.

ఈ క్రమం ఎక్కడి నుండి వచ్చింది? డిగ్రీలో రసాయనశాస్త్రం చదివే మన పిల్లల పుస్తకాల్లో ఘనస్థితి అనే పాఠం ఉంటుంది. స్ఫటిక జాలకం, యూనిట్ సెల్, తలాల సూచికలు అంటూ పిల్లలు ఆ పాఠాన్ని కష్టపడి బట్టీ పడుతుంటారు. ఆ పాఠానికి మొదటి పునాది రాయి వేసిన వ్యక్తి ఒక కతోలిక గురువు అన్న సంగతి ఆ పిల్లల్లో చాలామందికి తెలియదు. ఆయన జీవితాన్ని ఈ వారం తెలుసుకుందాం.

నేతగాని ఇంటి బిడ్డ

ఫ్రాన్సు దేశపు ఉత్తర భాగంలో పికార్డీ ప్రాంతం ఉంది. అక్కడి సెయింట్ జూస్త్ అన్ షోసే అనే చిన్న ఊళ్లో 1743 ఫిబ్రవరి 28న రెనే జూస్త్ హావీ జన్మించారు. తండ్రి నార బట్టలు నేసే బీద నేతగాడు. పెద్దకొడుకు కూడా మగ్గం దగ్గరే కూర్చోవలసినవాడు. అయితే ఆ ఊళ్లో పునీత నోర్బర్టు గారి సభకు చెందిన మఠం ఒకటి ఉంది. గుడిలో పాటలంటే చెవి కోసుకునే ఈ పిల్లవాడు ప్రార్థన వేళ తప్పకుండా అక్కడ కనిపించేవాడు. మఠాధికారి అతనిని గమనించి, మఠంలో చదువు చెప్పించే ఏర్పాటు చేశారు. పిల్లవాడు చురుకైనవాడని తేలిన తరువాత, పారిసుకు తీసుకువెళితే బాగుపడతాడని తల్లికి సలహా ఇచ్చారు.

చేతిలో డబ్బు లేకపోయినా ఆ తల్లి ధైర్యం చేసింది. కొడుకును వెంటబెట్టుకుని పారిసు చేరింది. మొదట పిల్లవానికి దొరికింది ఒక గుడి గాయకబృందంలో చోటు మాత్రమే. కొంతకాలం తరువాత నవార్ కళాశాలలో ఉపకార వేతనంతో సీటు వచ్చింది. చదువు ముగిసేసరికి అదే కళాశాలలో ఉపాధ్యాయుడయ్యాడు. 1770లో గురుపట్టం పొందారు. ఆ తరువాత కార్డినల్ లెమ్వాన్ కళాశాలకు మారి, పిల్లలకు లాటిన్ పాఠాలు చెబుతూ ఉండిపోయారు. అప్పటికి ఆయనకు రాళ్లతో ఎలాంటి సంబంధమూ లేదు.

స్నేహం చూపిన దారి

అదే కళాశాలలో లోమోన్ అనే వృద్ధ గురువు ఉండేవారు. వ్యాకరణ గ్రంథాలు వ్రాసి పేరు పొందినవారు. హావీ గారికి ఆయన స్నేహితుడే కాక పాపోచ్చారణ వినే ఆత్మగురువు కూడా. లోమోన్ గారికి మొక్కలంటే ఇష్టం. ఇద్దరూ కలిసి నడకకు వెళ్లినప్పుడు ఆయన మొక్కల పేర్లు చెబుతుంటే హావీ గారికి ఏమీ అర్థమయ్యేది కాదు. పెద్దాయనకు తోడుగా ఉండాలన్న ఒక్క కోరికతో, సెలవుల్లో సొంత ఊరికి వెళ్లినప్పుడు మఠవాసి ఒకరి దగ్గర వృక్షశాస్త్రం నేర్చుకున్నారు. ఎండబెట్టిన మొక్కల సంపుటం ఒకటి తయారుచేసుకుని తిరిగి వచ్చి స్నేహితుని ఆశ్చర్యపరిచారు.

మొక్కల కోసం పారిసులోని రాజోద్యానానికి వెళుతూ ఉండగా, ఒకరోజు జనం ఒక ఉపన్యాసశాలలోకి పోవడం చూసి తానూ వెళ్లారు. అక్కడ దోబాంతోన్ అనే పండితుడు ఖనిజాల గురించి చెబుతున్నాడు. హావీ గారి మనసులో అప్పుడు ఒక సందేహం పుట్టింది. ఒక జాతి మొక్కకు పూవులో రేకుల లెక్క తప్పదు, ఆకుల అమరిక తప్పదు. ఖనిజాల సంగతి అలా కాదు. కాల్సైట్ అనే సున్నపు స్ఫటికాన్నే తీసుకోండి. సున్నపురాయిలోనూ, పాలరాయిలోనూ, కోడిగుడ్డు పెంకులోనూ ఉన్న పదార్థమే అది. కానీ గనిలో దొరికినప్పుడు ఒకచోట ఆరు పలకల స్తంభంలా ఉంటుంది, మరొకచోట కుక్కపంటిలా కోసుగా ఉంటుంది, ఇంకొకచోట ఒక పక్కకు వాలిన పెట్టెలా ఉంటుంది. పదార్థం ఒక్కటే అయినప్పుడు ఇన్ని రూపాలు ఎందుకు?

చేయి జారిన స్ఫటికం

1780 ప్రాంతంలో ఒకరోజు హావీ గారు ఖనిజాలు సేకరించే ఒక స్నేహితుని ఇంటికి వెళ్లారు. అక్కడ కాల్సైట్ స్తంభాల గుత్తిని చేతిలోకి తీసుకుని చూస్తుండగా అది జారి నేలమీద పడింది. ఒక స్తంభం విరిగిపోయింది. ఎవరికైనా సిగ్గుతో తల వంగే సందర్భం అది. ఇంటాయన మర్యాదగా ఆ ముక్కను అతిథికే ఇచ్చేశారు.

హావీ గారు విరిగిన చోటును చూశారు. అది గరుకుగా, ఎగుడుదిగుడుగా లేదు. అద్దంలా నున్నగా ఉంది. పైగా ఆ కొత్త ముఖం స్తంభపు పక్కలతో కలవకుండా ఏటవాలుగా ఉంది. ఇంటికి వెళ్లి చాకుమొనతో మరికొంత చీల్చి చూశారు. ఏ వైపున చీల్చినా ఆ ఏటవాలు తలాలే బయటపడ్డాయి. చివరకు మిగిలింది ఆరు సమచతుర్భుజాలతో కూడిన వాలు పెట్టె ఆకారపు ముక్క. ఐస్లాండు నుండి వచ్చే కాల్సైట్ పుట్టుకతోనే ఉన్న ఆకారం అది.

అప్పుడు ఆయన తాను కూడబెట్టుకున్న స్ఫటికాలన్నిటినీ సుత్తికి బలి ఇచ్చారు. కుక్కపంటి రూపాన్ని పగులగొడితే లోపల అదే వాలు పెట్టె. ఇంకొక రూపాన్ని పగులగొట్టినా అదే. కోణాలూ అవే. పైరూపాలు ఎన్ని మారినా లోపలి రూపం మారలేదు. ఇతర ఖనిజాలలో కూడా చాలావాటికి ఒక్కొక్కదానికి ఒక్కొక్క లోపలి రూపం కనిపించింది. కోణాలను జాగ్రత్తగా కొలిచి పేరు పొందిన రోమే ద లీల్ అనే పెద్ద పండితుడు ఈయనను స్ఫటికాలు పగులగొట్టేవాడని ఎగతాళి చేశాడు. ఆ బిరుదు హావీ గారికి అలాగే నిలిచిపోయింది.

ఇటుకల లెక్క

హావీ గారు చెప్పిన సిద్ధాంతం అర్థం కావాలంటే ఇటుకబట్టీ దగ్గర పేర్చిన ఇటుకలను గుర్తుచేసుకుంటే చాలు. ప్రతి స్ఫటికమూ కంటికి కనిపించనంత చిన్నవైన, ఒకే ఆకారం గల ఇటుకలతో కట్టినది అన్నారాయన. ఇటుకలను వరుసకు వరుస సమానంగా పేరిస్తే పెద్ద పెట్టె అవుతుంది. ఒక్కొక్క పొరకు అన్ని వైపులా ఒక్కొక్క వరుస తగ్గిస్తూ పోతే మెట్ల గోపురం అవుతుంది. ఘనపు ఆకారం ఆరు ముఖాల మీదా అలా గోపురాలు కడితే పన్నెండు ముఖాల రూపం వస్తుంది. ఇటుకలు అతి చిన్నవి కాబట్టి మెట్లు కంటికి ఆనవు, ముఖం నున్నగా కనిపిస్తుంది. ఒక వరుసకు బదులు రెండు వరుసలు తగ్గిస్తే వాలు మారుతుంది, మరొక రూపం వస్తుంది.

ఇందులో అసలు కీలకం ఒకటుంది. వరుసలను ఒకటి, రెండు, మూడు అని తగ్గించగలమే తప్ప ముప్పావు వరుస తగ్గించడం కుదరదు. ఇటుక విరగదు. కాబట్టి స్ఫటికం ముఖాలు ఏ వాలులో పడితే ఆ వాలులో ఉండవు. చిన్న చిన్న పూర్ణసంఖ్యల లెక్కకు కుదిరే వాలుల్లోనే ఉంటాయి. ఈనాటి విద్యార్థులు స్ఫటిక తలాలకు 1, 1, 0 అనో, 1, 1, 1 అనో వేసే సూచికలకు మూలం ఈ నియమమే.

లాటిన్ పంతులుకు ఈ లెక్కలకు చాలినంత గణితం రాదు. అందుకోసం రేఖాగణితం మళ్లీ కూర్చుని నేర్చుకున్నారు. 1781లో తన పరిశోధనలను శాస్త్ర అకాడమీకి సమర్పించారు. దోబాంతోన్, లాప్లాస్ ఆయనను ప్రోత్సహించారు. 1783లో అకాడమీ ఆయనను సభ్యునిగా తీసుకుంది. 1784లో స్ఫటికాల నిర్మాణంపై మొదటి గ్రంథం వెలువడింది. లాగ్రాంజ్, లవోజియే, లాప్లాస్ వంటి మహామహులు ఆ చిన్న కళాశాలకు వచ్చి, బల్లల మీద విద్యార్థుల్లా కూర్చుని ఆయన పాఠం విన్నారు. బిడియస్తుడైన హావీ గారు మాత్రం ఎప్పటిలాగే తన జపాలు, తన తరగతులు, స్నేహితునితో తన నడక అంటూ ఉండిపోయారు.

ప్రమాణం చేయని గురువు

1789లో ఫ్రాన్సులో విప్లవం వచ్చింది. మరుసటి సంవత్సరం కొత్త ప్రభుత్వం శ్రీసభను తన చేతిలోకి తీసుకుంటూ ఒక చట్టం చేసింది. దాని ప్రకారం మేత్రాణులనూ విచారణ గురువులనూ ఓటర్లు ఎన్నుకోవాలి. గురువులు ఆ చట్టానికి కట్టుబడి ఉంటామని ప్రమాణం చేయాలి. 1791లో ఆరవ పయస్ పోపుగారు ఆ చట్టాన్ని ఖండించారు. గురువుల్లో కొందరు ప్రమాణం చేశారు, కొందరు నిరాకరించారు. హావీ గారు నిరాకరించారు. ఉద్యోగం పోయింది, ఆదాయం పోయింది.

1792 ఆగస్టులో మనుషులు ఆయన గది మీద పడ్డారు. లెక్కలు నిండిన కాగితాలు చిందరవందర చేశారు. ఏళ్ల తరబడి సేకరించిన స్ఫటికాలను తిరగబోశారు. ఆయనను పట్టుకుపోయి, పక్కనే ఉన్న సెయింట్ ఫిర్మెన్ గురువిద్యాలయంలో మరెందరో గురువులతో పాటు బంధించారు. ఆ విద్యాలయమే అప్పుడు చెరసాల అయింది. హావీ గారు తన స్ఫటికాల సొరుగులను చెరలోకి తెప్పించుకుని, చెదిరిన వాటిని మళ్లీ క్రమంలో పెట్టుకుంటూ కూర్చున్నారు. తోటి గురువుల మధ్య ఉన్నాను కదా, ఇక భయమెందుకు అన్నట్లు ఉంది ఆయన నెమ్మది.

బయట ఒక యువకుడు మాత్రం నెమ్మదిగా లేడు. ఎటియెన్ జోఫ్రువా సెయింట్ ఇలేర్ అనే ఆ ఇరవై ఏళ్ల విద్యార్థి హావీ గారి శిష్యుడు. తరువాతి కాలంలో గొప్ప జంతుశాస్త్రవేత్త అయ్యాడు. అతడు అకాడమీ సభ్యుల ఇళ్లకు పరుగెత్తి, వారి చేత అర్జీ పెట్టించి, విడుదల ఉత్తర్వు సంపాదించి చెరసాలకు తెచ్చాడు. అప్పటికి పొద్దుపోయింది. హావీ గారు ఆ రాత్రికి అక్కడే ఉంటానన్నారు. మరునాడు ఆయనను దాదాపు బలవంతంగా బయటకు తీసుకురావలసి వచ్చింది.

సెప్టెంబరు 2న పారిసు చెరసాలల్లో ఊచకోత మొదలైంది. సెయింట్ ఫిర్మెన్‌లో డెబ్బైమందికి పైగా చంపబడ్డారు. ఆ రాత్రి ఆ యువకుడే గోడకు నిచ్చెన వేసి పన్నెండుమంది గురువులను తప్పించాడు. ఆ దినాలలో పారిసులో ప్రాణాలిచ్చిన 191 మంది వేదసాక్షులను 1926లో పదకొండవ పయస్ పోపుగారు ధన్యులుగా ప్రకటించారు. సెయింట్ ఫిర్మెన్‌లో హావీ గారితో చెరను పంచుకున్నవారు కూడా అందులో ఉన్నారు.

మాట్లాడవలసిన చోట మాట్లాడారు

బయటపడిన తరువాత ప్రభుత్వమే ఆయన సేవలను కోరింది. కొత్త తూనికలు, కొలతల సంఘంలో ఆయనను వేశారు. 1793 ఆరంభంలో ఆయన, లవోజియే కలిసి నిర్ణీత పరిమాణం గల శుద్ధజలం ఎంత బరువు తూగుతుందో కొలిచారు. ఈనాడు మనం కిరాణా కొట్లో అడిగే కిలోకు ఆ కొలతే ఆరంభం.

అదే ఏడు నవంబరులో లవోజియే అరెస్టయ్యాడు. అతని పక్షాన మాట్లాడితే ప్రాణానికే ముప్పు. పలుకుబడి గల శాస్త్రవేత్తలు చాలామంది నోరు మెదపలేదు. ప్రమాణం చేయని గురువుగా అందరికంటే ఎక్కువ ప్రమాదంలో ఉన్న హావీ గారు, సంఘం కార్యదర్శిగా, బోర్దా అనే అధ్యక్షునితో కలిసి లవోజియేను విడిచిపెట్టమని కోరుతూ సంతకం పెట్టారు. ఆ విన్నపం ఫలించలేదు. 1794 మే 8న లవోజియే తల గిలెటిన్ కింద తెగింది. ఆ భయంకర దినాలలో కూడా హావీ గారు తన గురుధర్మాన్ని మానలేదు.

గనుల శాఖ సేకరణలకు సంరక్షకులుగా, 1802 నుండి ప్రకృతిశాస్త్ర మ్యూజియంలో ఆచార్యులుగా ఆయన పనిచేశారు. 1801లో ఖనిజశాస్త్రంపై ఆయన మహాగ్రంథం నాలుగు సంపుటాలలో, పటాలతో వెలువడింది. నెపోలియన్ కోరగా పాఠశాలల కోసం భౌతికశాస్త్ర పుస్తకం కూడా వ్రాశారు. నోత్రదామ్ కతెద్రల్ గౌరవ కానన్ పదవి లభించింది.

ముగ్గురాయి, మరకతం

స్ఫటికాల కోణాలు చూసి పదార్థాన్ని గుర్తుపట్టవచ్చునని ఆయన చూపిన రెండు ఉదాహరణలు చెప్పాలి. మొదటిది మన ప్రాంతానికి దగ్గరిది. రైల్వేకోడూరు దగ్గర మంగంపేట గనుల నుండి వచ్చే ముగ్గురాయి మనకు తెలిసినదే. అది బేరియం సల్ఫేటు. ఆ రోజుల్లో ఇంగ్లండులోని డెర్బీషైర్ నుండి, సిసిలీ ద్వీపం నుండి వచ్చిన రాళ్లను రెండింటినీ ముగ్గురాయి గానే లెక్కించేవారు. హావీ గారు కొలిస్తే కోణాల్లో సుమారు మూడున్నర డిగ్రీల తేడా కనిపించింది. వోక్లాన్ అనే రసాయనవేత్త పరీక్షించగా సిసిలీ రాయిలో ఉన్నది బేరియం కాదు, స్ట్రాన్షియం అని తేలింది. రెండవది మరకతం. మరకతం, బెరిల్ వేరు వేరు రాళ్లని అనుకునేవారు. స్ఫటికరూపం ఒక్కటే కాబట్టి పదార్థమూ ఒక్కటే కావాలని హావీ గారు అనుమానించారు. 1798లో వోక్లాన్ రెండింటిలోనూ ఒకే కొత్త మూలకం ఉందని కనుగొన్నాడు. దానినే ఇప్పుడు బెరీలియం అంటున్నాం.

పొరపడిన చోట

గొప్పవారి పొరపాట్లను దాచడం మంచిది కాదు. ప్రకృతి సరళమైన లెక్కలనే ఇష్టపడుతుందని హావీ గారి గట్టి నమ్మకం. ఆ నమ్మకంతో కాల్సైట్ కోణం 104 డిగ్రీల 28 నిమిషాలని తీర్మానించారు. 1809లో ఆంగ్లేయుడు వాలస్టన్ వెలుతురు ప్రతిబింబంతో కొలిచే కొత్త పరికరం తయారుచేసి, అది 105 డిగ్రీలకు కొంచెం ఎక్కువని చూపాడు. హావీ గారు తన లెక్కనే పట్టుకున్నారు. పదార్థానికొక రూపం, రూపానికొక పదార్థం అన్న ఆయన మాటకు కూడా 1819లో దెబ్బ తగిలింది. జర్మనీవాడు మిట్చెర్లిక్ వేరు వేరు పదార్థాలు ఒకే స్ఫటికరూపం తీసుకోగలవని చూపాడు. ఒకే పదార్థం రెండు రూపాలు తీసుకోవడం కూడా ఉంది. కోడిగుడ్డు పెంకు, ముత్యపుచిప్ప లోపలి మెరుపు రెండూ కాల్షియం కార్బొనేటే. మొదటిది కాల్సైట్, రెండవది అరగొనైట్. చెరసాలలో చెదరని ఆ నెమ్మది, తన సిద్ధాంతాన్ని ఎవరైనా తప్పుపడితే మాత్రం చెదిరేదని ఆయనను ఎరిగినవారు చెప్పారు.

అయినా అసలు మాట నిలిచింది. 1912లో జర్మనీలో లావే బృందం స్ఫటికాల గుండా ఎక్స్‌రేలను పంపి లోపలి క్రమాన్ని పట్టుకుంది. 1913లో బ్రాగ్ తండ్రీకొడుకులు ఉప్పు లోపలి అమరికను చెప్పారు. ప్రతి సోడియం చుట్టూ ఆరు క్లోరిన్లు, ప్రతి క్లోరిన్ చుట్టూ ఆరు సోడియాలు. హావీ గారు అనుకున్నట్లు అవి గట్టి ఇటుకలు కావు, పరమాణువుల అమరికలో మళ్లీ మళ్లీ వచ్చే భాగాలు. దానికే యూనిట్ సెల్ అని పేరు. ఉప్పులో అలాంటి భాగం అంచు ఎంత చిన్నదంటే, ఒక్క మిల్లీమీటరు పొడవున 17 లక్షలకు పైగా పడతాయి. సెల్‌ఫోనులోని సిలికాన్ చిప్పును, బ్యాటరీలోని పదార్థాన్ని చదివేవారు ఈనాటికీ మొదట అడిగేది యూనిట్ సెల్ ఏమిటనే.

అన్నదమ్ములు

హావీ గారికి వాలంతెన్ అనే తమ్ముడు ఉండేవాడు. చూపులేని పిల్లలకు పారిసులో పాఠశాల పెట్టి, ఉబ్బెత్తు అక్షరాలను వేళ్లతో తడిమి చదవడం నేర్పినది అతడే. లూయీ బ్రెయిలీ 1819లో చేరినది ఆ బడిలోనే. అయితే విశ్వాసం విషయంలో అన్నదమ్ముల దారులు వేరు. అన్న ప్రమాణం చేయక చెరసాలకు వెళ్లాడు. తమ్ముడు విప్లవకాలంలో శ్రీసభను కాదని పుట్టిన కొత్త మతోద్యమంలో ముఖ్యుడయ్యాడు. తరువాత అతడు రష్యాకు వెళ్లి, 1817లో ఆరోగ్యం చెడి, చేతిలో ఏమీ లేకుండా తిరిగివచ్చాడు. అప్పటికి రాజరికం తిరిగివచ్చి అన్నగారి పింఛను కూడా పోయింది. అయినా అన్న తమ్మునికి తన ఇంట్లో చోటిచ్చాడు. 1822 మార్చిలో వాలంతెన్ మరణించాడు.

ఆ వేసవిలోనే హావీ గారు తన గదిలో జారిపడి తొడ ఎముక విరగ్గొట్టుకున్నారు. ఆ బాధలో కూడా ప్రార్థన చేసుకుంటూ, తన గ్రంథం కొత్త ముద్రణను సరిచూసుకుంటూ, శిష్యుల భవిష్యత్తు గురించి ఆలోచిస్తూ గడిపారు. 1822 జూన్ ఆరంభంలో కన్నుమూశారు. పారిసులోని పేర్ లషేజ్ సమాధుల తోటలో ఆయన విశ్రమిస్తున్నారు. ఈఫిల్ గోపురం మీద చెక్కిన 72 మంది శాస్త్రవేత్తల, ఇంజనీర్ల పేర్లలో ఆయన పేరు ఉంది. నీలిరంగు ఖనిజం ఒకదానికి హావైన్ అని పేరు పెట్టారు.

తల్లిదండ్రులారా, మన పిల్లలు సైన్సు చదివితే విశ్వాసం పోతుందేమోనని కొందరు భయపడుతుంటారు. గుడికి వెళితే చదువు పాడవుతుందని మరికొందరు అనుకుంటారు. హావీ గారు ఉదయం పూజాబలి సమర్పించి, ఆ చేతులతోనే సుత్తి పట్టుకున్నారు. రాయి లోపల ఏముందో తెలుసుకోవడానికి తన సొంత స్ఫటికాలనే పగులగొట్టుకున్నారు. మీ అబ్బాయి చేయి జారి ఇంట్లో ఏదైనా పగిలితే వెంటనే కోప్పడకండి. ముక్కలు ఎత్తేముందు అది ఎలా పగిలిందో వాడినే చూసి చెప్పమనండి.